మిరపకాయల కాలంలో చెయ్యి

పెళ్ళయి అత్తగారింటికి వచ్చాక నేను చూసిన మొదటి మిరపకాయల కాలంలో నాకు రెండు పనులు పడ్డాయి. ఒకటి, కల్లంలో ఆరబోసిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరడం. రెండోది, 'చెయ్యి' అనే ఒక్క మాటను మా ఊళ్ళో ఎన్ని రకాలుగా వాడతారో పుస్తకంలో రాయడం. మొదటి పని అత్త చెప్పింది. రెండోది దొరసానమ్మ చెప్పింది. రెండింటిలోనూ నాకు గురువు మా తోడికోడలే. అసలు ఆమె లేకపోతే తాలుకాయలూ తెలిసేవి కాదు, తెలుగూ తెలిసేది కాదు.

మా పుట్టిల్లు చీరాల వైపు. నాన్న ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి మాత్రమే రాగలిగే ఊళ్ళకు నడిచి వెళ్ళి వాక్యం చెప్పి, ప్రార్థన నడిపించి వచ్చేవాడు. మా ఇంట్లో అన్నం ఆలస్యమైనా ఫర్వాలేదు గాని సాయంకాలపు ప్రార్థన ఆలస్యం కాకూడదు. ఫలానా మాట లేఖనాల్లో ఎక్కడుందని ఎవరైనా అడిగితే, పుస్తకం తెరవకుండా చెప్పేదాన్ని. అదంతా భక్తేనని నేను అనుకునేదాన్ని. కొంత భక్తే. మిగతాది ఏమిటో ఈ కథలో మీకే తెలుస్తుంది.

అత్తగారి ఊరు ఒంగోలుకు ఉత్తరంగా, నల్లరేగడి నేలల మధ్య ఉంటుంది. అప్పటికింకా ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఇంట్లో అత్త, బావగారు, తోడికోడలు, నేను, మా ఆయన. తోడికోడల్ని అక్కా అనేదాన్ని. ఆమె బడికి పోలేదు. ప్రార్థనలో మాత్రం ఆమె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు వెనక నడవాల్సిందే.

దొరసానమ్మ ఒంగోలు మిషన్ బంగళాలో ఉండేది. ఆసుపత్రి పని చూస్తూ, కొత్తగా వచ్చే దొరసానుల కోసం మాటల పుస్తకం ఒకటి తయారు చేస్తుండేది. ఆమె తెలుగు శుద్ధంగా ఉండేది, మరీ శుద్ధంగా. "నీ హస్తమును చూపుము" అంటే రోగులు దేనికో తెలియక దణ్ణం పెట్టేవారట. ఒకసారి ఒక ముసలామె "చెయ్యి విరిగిందమ్మా" అని వస్తే దొరసానమ్మ అరచెయ్యీ మణికట్టూ తిప్పి తిప్పి చూసి, ఏమీ లేదు పొమ్మందట. విరిగింది మోచేతికి పైన. "నీ చెయ్యి ఎక్కడి వరకు?" అని ఈమె అడిగితే, ముసలామె ఆశ్చర్యపోయి భుజం చూపించి, "ఇదిగో, ఒంటికి అతికిన కాడిదాకా. మీకు అంతవరకు ఉండదా తల్లీ?" అందట. ఇంగ్లీషు వాళ్ళకు మణికట్టు దగ్గరే చెయ్యి అయిపోతుందని, పైదానికి వేరే పేరుందని నాకు దొరసానమ్మే చెప్పింది. ఇది చెప్పి నవ్వుతూనే నాకో రూళ్ళ పుస్తకం, పెన్సిలు ఇచ్చి, "నీవు చదువుకున్నదానవు, గ్రామములో ఆలకించి వ్రాయుము" అంది.

లేఖనాల్లో చెయ్యి నాకు ముందే కంఠతా వచ్చు. చాచిన చెయ్యి అంటే ఒకచోట విడుదల, ఇంకోచోట శిక్ష. ఎత్తిన చెయ్యి ప్రమాణం. తలమీద పెట్టిన చెయ్యి దీవెన. తీర్పు చెప్పలేని అధిపతి జనం ముందు చేతులు కడుక్కుంటాడు, ఆ పాపం తనది కాదని. మా అత్త "చేతులు కడుక్కోండి" అంటే మాత్రం అన్నం వడ్డించిందని అర్థం. ఇదే మొదటి పేజీలో రాశాను. రాసి చాలా మురిసిపోయాను.

మిగతా పేజీలన్నీ అక్కవే. కల్లంలో కాయలు ఏరుతూ ఏరుతూ చెప్పేది. నేను పెన్సిలు చెవి సందున పెట్టుకుని కూర్చునేదాన్ని.

"రాసుకో. తట్ట ఎత్తేటప్పుడు చెయ్యి వెయ్యమంటాం. అది సాయం."

"రాశాను."

"మొగుడు చెయ్యి చేసుకున్నాడంటే అది దెబ్బ. అక్కడ సాయం ఏమీ లేదు."

"అది కూడా రాయనా?"

"రాయి. దొరసానులకు పెళ్ళిళ్ళయితే పనికొస్తది."

అత్త అవతలి గుట్ట దగ్గర నుంచి, "ఏందే, కాయలు ఏరుతున్నారా, మాటలు ఏరుతున్నారా?" అని కేకేసేది.

"రెండూనే అత్తా. మాటల్లో తాలు తక్కువ!" అని అక్క జవాబు.

విత్తనం వేసేటప్పుడు ఎవరి చెయ్యి మంచిదో చూసి వాళ్ళతో మొదటి సాలు వేయిస్తారని ఆమే చెప్పింది. పంట ఇంటికి రావడం కాదు, చేతికి రావడం. ఏడుపు తన్నుకొస్తుంటే పని సాగదు, దానికి చెయ్యి ఆడటం లేదంటారు. వంటలో నూనె ధారాళంగా పోసేదానిది పెద్ద చెయ్యి. పక్కింట్లో గిన్నెలు మాయం చేసేదానిది చేతివాటం. బెత్తెడు, జానెడు, మూరెడు, చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు, ఇవన్నీ చెయ్యే కొలిచేవి. "మా ఊళ్ళో తక్కెడ లేకపోయినా బతకొచ్చు, చెయ్యి లేకపోతే బతకలేం" అంది. ఆ మాట దొరసానమ్మకు ఎంతో నచ్చింది.

ఇక అసలు సంగతి. మిరపకాయలు మనిషి చేతిలోంచి మనిషి చేతిలోకి ఇవ్వకూడదని మా వైపు ఒక పట్టింపు. ఇస్తే ఆ ఇద్దరికీ కొట్లాట వస్తుందని. కింద పెడితే అవతలి వాళ్ళు తీసుకుంటారు. ఉప్పుకీ అంతే. మా నాన్న ఇంట్లో ఈ పట్టింపును గుమ్మం తొక్కనివ్వలేదు. ఒకరోజు నేను రంగు తేడాగా ఉన్న గుప్పెడు కాయలు తీసి, "అక్కా, ఇవి తాలా, మంచివా?" అని ఆమె చేతికి ఇవ్వబోయాను. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. కాయలు నేలపాలయ్యాయి.

"కింద పెట్టవే! చేతికిస్తావేంది? మనిద్దరికీ తగాదా పెడదామనా?"

"అక్కా, మనం విశ్వాసులం. ఇంకా ఈ శకునాలేంది?"

"శకునం కాదు, పద్ధతి."

"పద్ధతి కాదు, భయం" అని, కాయలు మళ్ళీ ఏరి, ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, అరచేతిలో పెట్టి మూసేశాను. నవ్వుతూనే చేశాను. ఆమె నవ్వలేదు. కాయల వంక చూసి, "మంచివే" అని గుట్టలో వేసింది. అత్త అటు నుంచి చూసి తల తిప్పుకుంది. అంతటితో ఆగి ఉంటే అయిపోయేది.

ఆ బుధవారం స్త్రీల కూటానికి దొరసానమ్మ జీపులో వచ్చింది. పాటలయ్యాక, ఎవరైనా సాక్ష్యం చెప్పవచ్చు అంది. నేను లేచాను. ఎందుకు లేచానంటే దొరసానమ్మ ముందు కూర్చుంది కనుక. దేవుడు మనల్ని భయాల నుంచి ఎలా విడిపిస్తాడో చెబుతూ, "మనలో బాప్తిస్మం తీసుకుని ఏళ్ళు గడిచినవాళ్ళు కూడా మిరపకాయలు చేతికిస్తే కొట్లాట వస్తుందని వణుకుతున్నారు. ఎక్కడో కాదు, నా కళ్ళతో మా కల్లంలోనే చూశాను" అన్నాను. పేరు చెప్పలేదు. మా కల్లంలో కూర్చునేది ఎవరో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై తలలు ఒక్కసారి అక్క వైపు తిరిగాయి. దొరసానమ్మ "స్తోత్రము" అంది. తర్వాతి పాట అక్క ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. ఇంకెవరో శ్రుతి తప్పుగా మొదలుపెట్టారు.

దారిలో అక్క మాకంటే పది అడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చాక నాతో మాట మానేసింది.

మానేసిందంటే నాతో మానేసింది గాని, నా గురించి మానలేదు. నేను పక్కనుండగానే అత్తతో అనేది.

"అత్తా, పులుసు నాకు చేతగాదులే. అజ్ఞానిని. చెయ్యి తిరిగినామె ఉందిగా, ఆమెను పెట్టమను."

లేకపోతే, "ఇంట్లో మాట చెయ్యి దాటిపోయాక ఇంక ఈ కుండలకు మూతలెందుకత్తా? తీసేయ్."

నా పరిస్థితి చెబితే నవ్వుతారు. ఆ మాటలు ములుకుల్లా దిగుతుంటే, మరోవైపు పెన్సిలు కోసం నా వేళ్ళు దురద పెట్టేవి. 'చెయ్యి దాటిపోవడం' పుస్తకంలో లేదు. పొయ్యి వెనక్కి వెళ్ళి బొగ్గుతో గోడమీద గుర్తు పెట్టుకున్నాను. అక్క చూసింది. "రాసుకోమను అత్తా, రాసుకోమను. రేపు అది కూడా కూటంలో చదువుద్ది" అంది.

అత్త మాత్రం కుండబద్దలు కొట్టినట్టు అనేసింది. "మిరపకాయలు చేతికిచ్చావు, కొట్లాట వచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలే నీకు?"

దీంతో నేను ఇరుక్కుపోయాను. వెళ్ళి అక్కకు క్షమాపణ చెబితే మిరపకాయల మాట నిజమైనట్టే. చెప్పకపోతే ఇల్లు రెండు ముక్కలయ్యేట్టుంది. శుక్రవారం పొద్దున్నే అక్క పెరట్లో మట్టి తొక్కి రెండో పొయ్యి వెయ్యడం మొదలుపెట్టింది. "ఆదివారం ప్రభు బల్లకు నేను రాను. మిరపకాయల పని అయిపోయాక మా వంట మాది" అని అత్తతో చెప్పింది. ప్రభు బల్లంటే సంఘమంతా ఒకే రొట్టె పంచుకునే ఆరాధన. అత్త ఆ మట్టి వంకే చూస్తూ కూర్చుంది. ఇద్దరు కొడుకుల్ని ఒక్క పొయ్యి మీద పెంచిన మనిషి. ఆవిడ కళ్ళ నీళ్ళు నేను చూడటం అదే మొదలు. అప్పుడు నాకు భయం వేసింది. ఆ పొయ్యి ఆరేలోపల అక్క నాతో మాట్లాడకపోతే, ఆ ఇంట్లో నా మూలంగా లేచిన గోడను ఇక ఎవరూ తీయలేరు.

భయం వేసినా బుద్ధి రాలేదు. మా ఊరి పాస్టరయ్యగారి దగ్గరికి పోయాను. నేను చెప్పిందే సత్యమని ఆయన చేత అనిపించుకుని రావాలని. ఆయన పెద్దాయన. ముందు అరుగు మీద పాతచెప్పుకు తోలు కుట్టుకుంటూ మొత్తం విన్నాడు. నేను ఆధారంగా నాలుగు లేఖనాలు చెప్పాను. అన్నింటికీ తల ఊపాడు.

"నువ్వు చెప్పినవి అన్నీ ఒప్పేనమ్మా. మిరపకాయల్లో ఏ దయ్యమూ లేదు."

"అదే అయ్యగారూ నేను..."

"ఒక్క మాట అడుగుతాను. కాయలు కింద పెట్టడానికి వంగితే నీకు నడుం నొప్పా?"

ఆయన దారం పంటితో కొరికి, విగ్రహాలకు పెట్టిన మాంసం సంగతి అపొస్తలుడు సంఘానికి ఏం రాశాడో చెప్పమన్నాడు. చెప్పాను. తినడంలో తప్పు లేదని తనకు తెలిసినా, తన తిండి వల్ల సహోదరుడు తొట్రుపడేట్టయితే బతికినన్నాళ్ళూ ఆ మాంసం ముట్టనన్నాడని. కంఠతా వచ్చిన భాగం. చెబుతుంటే చివరికొచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది.

"బాగా వచ్చు నీకు" అన్నాడాయన. చెప్పు తొడుక్కుని చూసుకుంటూ, "రేపు సిద్ధపాటు కూటం ఉంది" అన్నాడు. అంతే.

ప్రభు బల్ల ఉండే ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం మా సంఘంలో సిద్ధపాటు కూటం జరుగుతుంది. ఎవరికి ఎవరితో పొరపొచ్చాలున్నా ఆ రోజు లేచి ఒకరికొకరు సహవాసపు కుడిచెయ్యి ఇచ్చుకోవాలి. ఇచ్చుకోనివాళ్ళు మర్నాడు బల్లకు రారు. మిరపకాయల కాలంలో దీనికి మా వాళ్ళు ఒక సవరణ చేసుకున్నారు. అందరూ కల్లాల నుంచి నేరుగా వస్తారు, అరచేతులు మండుతుంటాయి. ఆ చేత్తో ఇంకొకరి చెయ్యి పట్టుకుంటే మంట వాళ్ళకూ అంటుకుంటుంది, వాళ్ళ నుంచి చంటిపిల్లల కళ్ళకు. అందుకని ఆ రెండు నెలలూ మోచేతికి కిందగా పట్టుకుంటారు. కొత్తలో దొరసానమ్మ ఇది చూసి ఏదో రహస్య గుర్తనుకుందట.

ఆ శనివారం నేను కల్లానికి పోలేదు. పొద్దున మజ్జిగతో చేతులు రుద్ది కడుక్కుని, ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ కూర్చున్నాను. అక్క వస్తుందో రాదో తెలియదు. అత్త ఏం చెప్పి తెచ్చిందో గాని వచ్చింది. మందిరం లోపలికి మాత్రం రాలేదు. గడప దగ్గర, సగం లోపల సగం బయట కూర్చుంది. తలమీద ఇంకా కల్లం గుడ్డ ఉంది.

అయ్యగారు ప్రార్థన చేసి, "ఎవరైనా..." అని ఆగారు. నేను లేచాను. కూడబలుక్కున్నవన్నీ ఎటో పోయాయి.

"బుధవారం నేను చెప్పింది సాక్ష్యం కాదు. దొరసానమ్మ మెచ్చుకోవాలని మా అక్కను అందరి ముందూ చిన్నబుచ్చాను. మా ఇంట్లో నాకు పని నేర్పింది ఆమె. కొట్లాట తెచ్చింది మిరపకాయలు కాదు, నా నోరు."

గడప దగ్గర నుంచి, "మిరపకాయలు కూడా" అని వినిపించింది.

ఎవరో కిసుక్కుమన్నారు. మూడు రోజుల తర్వాత అక్క నాతో అన్న మొదటి మాట అది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"సరే అక్కా. ఇంకెప్పుడూ నీ చేతికివ్వను. కిందే పెడతాను."

"నీకు నమ్మకం లేదుగా?"

"లేదు."

"మరెందుకు పెట్టడం?"

"నీకుందిగా."

అయ్యగారు కిటికీ వైపు చూస్తున్నారు. అత్త వెనక నుంచి, "లెయ్యవే, కాళ్ళు పట్టినాయా?" అని అక్కను మోకాలితో పొడిచింది. అక్క లేచి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, ఆడవాళ్ళ మధ్యలోంచి నా ముందుకొచ్చింది. నేను అలవాటు ప్రకారం మోచెయ్యి ముందుకు పెట్టాను.

"ఏందది, పరాయిదానికిచ్చినట్టు?" అని నా మోచెయ్యి పక్కకు నెట్టి, అరచెయ్యి పట్టుకుంది. పొద్దుటి నుంచి కాయలు ఏరిన చెయ్యి. గట్టిగా, వేళ్ళ సందుల్లోకి వేళ్ళు పోనిచ్చి పట్టుకుంది.

"మండుతుందా?"

"మండుతుందక్కా."

"మండాల" అని, ఇంకా కొంచెంసేపు వదల్లేదు.

అయ్యగారు ఆమెన్ అనేశారు. ముగింపు పాట అక్కే ఎత్తుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకోబోయి, చేతికి ఏముందో గుర్తొచ్చి నేను ఆగిపోయాను. అక్క పాడుతూనే తన కొంగు చివర నా కళ్ళకు అద్దింది. ఆ కొంగుకు మిరప ఘాటు ఇంకా ఎక్కువ ఉందని మా ఇద్దరికీ ఒక్క క్షణం తర్వాత తెలిసింది. పాట మొత్తం నేను కళ్ళు మూసుకునే పాడాను. మర్నాడు ఊళ్ళో అందరూ ఆ పిల్లకు ఎంత పశ్చాత్తాపమో, ఎట్టా ఏడ్చిందో అని చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

ఆదివారం పొద్దున్నే అక్క నాకంటే ముందు తయారై వాకిట్లో నిలబడింది. "ఏమే, రావా? బల్ల మన కోసం ఆగదు" అంది. ఒకే చాప మీద కూర్చున్నాం. అయ్యగారు రొట్టె అరచేతుల్లో పెడుతూ వచ్చారు. నా చెయ్యి ఇంకా ఎర్రగానే ఉంది. రెండు చేతులూ దోసిలిగా పట్టాను, పక్కనే అక్క దోసిలి. ఆయన రెండింటిలోనూ పెట్టి ముందుకు వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక అత్త పెరట్లోకి వెళ్ళి, ఇంకా తడి ఆరని రెండో పొయ్యిని కాలితో ఒక్కసారి తట్టి చూసింది. "నీళ్ళు కాచుకోవడానికి బాగానే ఉంటది" అని, లోపలికొచ్చి అందరినీ చేతులు కడుక్కోమంది.